నీళ్ళలో అడుగు పెట్టే ముందు

బెంగళూరు వాన చెప్పి రాదు. మధ్యాహ్నం మూడింటిదాకా ఎండ మాడుస్తుంది. నాలుగింటికి పడమటి దిక్కు నల్లబడుతుంది. ఆఫీసులు వదిలే వేళకు కుండపోత. గంటా, గంటన్నర. ఆ తర్వాత ఆకాశం తేటపడి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ గంటన్నరలోనే ఈ ఊళ్ళో మనుషులు చనిపోతున్నారు. పెద్ద నది లేని ఊరు, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న ఊరు. ఇక్కడ వాన నీళ్ళకు ప్రాణాలు పోతాయా అనుకుంటాం. పోతున్నాయి. ఇంటి కింద పార్కింగులో, రోడ్డు కింది దారిలో, వీధి మలుపులో కరెంటు స్తంభం పక్కన.

అందుకే ఇక్కడి తెలుగువాళ్ళకు ఈ నాలుగు మాటలు. విసుక్కోకుండా చివరిదాకా చదవండి. చదివి ఇంట్లో పిల్లలకూ, పక్క ఫ్లాటు వాళ్ళకూ చెప్పండి.

2025 మే 19న ఏం జరిగిందో గుర్తు చేస్తాను. ముందు రాత్రి కురిసిన వానకు బీటీఎం లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంటు బేస్‌మెంటులోకి నీళ్ళు చేరాయి. మనందరి ఇళ్ళలోనూ జరిగేదే. 63 ఏళ్ళ పెద్దాయన ఒకరు ఆ నీళ్ళు తోడేద్దామని మోటారు తెచ్చి కరెంటు కలిపారు. నీళ్ళలోకి కరెంటు పాకింది. ఆయన ప్రాణం పోయింది. దగ్గర్లో ఉన్న పన్నెండేళ్ళ పిల్లవాడు, అక్కడే పనిచేసే కుటుంబంలోని బిడ్డ, వాడి ప్రాణమూ పోయింది.

ఆ పెద్దాయన చేసినదాంట్లో చెడు ఏముంది? నలుగురికీ మేలు చేద్దామనే కదా దిగారు. ఆ చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. ఈ చావులు ఒళ్ళు తెలియక తిరిగేవాళ్ళకు రావడం లేదు. బాధ్యత తెలిసినవాళ్ళకు, ముందుకొచ్చి చెయ్యి వేసేవాళ్ళకు వస్తున్నాయి.

మీ బేస్‌మెంటులో ఏమేం ఉన్నాయో ఒకసారి తలచుకోండి. అన్ని ఫ్లాట్ల మీటర్లు ఉన్న బోర్డు. సంపు మోటారు స్టార్టరు. లిఫ్టు గుంత. జనరేటరుకు మార్చే స్విచ్చు. ఈ మధ్య కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్లకూ కార్లకూ ఛార్జింగ్ పాయింట్లు, వాటికోసం గోడల వెంట లాగిన వైర్లు. భవనంలోని కరెంటంతా పోగయ్యే చోటు అదే. వాన నీళ్ళు మొట్టమొదట దిగే చోటూ అదే. ఆ రెండూ కలిసే గదిలోకి మనం చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి దిగుతున్నాం, కారు ఎక్కడ మునిగిపోతుందోనని.

కారు పోతే పోనివ్వండి. బీమా ఉంటుంది, లేకపోతే అప్పు చేద్దాం. నీళ్ళున్న బేస్‌మెంటులోకి కరెంటు ఆపకుండా ఎవరూ దిగొద్దు. వాచ్‌మన్‌ను దించొద్దు, అతని పిల్లల్ని అసలు ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. మెయిన్ స్విచ్చు నీళ్ళకు అవతల ఉంటే దాని జోలికి పోకండి. 1912కి ఫోన్ చేసి, కరెంటు సరఫరా చేసే బెస్కాం వాళ్ళ చేత బయటి నుంచే లైను ఆపించండి. నీళ్ళు తోడాలంటే డీజిల్ పంపు తెప్పించి ఇంజను ఆరుబయట పెట్టి పైపు మాత్రం లోపలికి వేయించండి. మూసి ఉన్న బేస్‌మెంటులో ఇంజను నడిపితే ఆ పొగ కూడా మనిషిని చంపుతుంది.

ఇంకొక్క మాట. మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి. చాలామంది ఎలక్ట్రీషియన్లు దాన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా సరే, రెప్పపాటులో లైను తెంచేస్తుంది. దాని మీద చిన్న టెస్ట్ మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు. పడకపోతే అది బోర్డులో ఉన్నా లేనట్టే. మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తీయించి నేరుగా కలిపించుకుంటున్నారు. దండం పెడతాను, ఆ పని చేయకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని మీకు చెబుతోంది. ఆ ఎక్కడ అన్నది వెతికించండి.

రోడ్డు మీదికి వద్దాం. 2023 మే 21, ఆదివారం. మన ఆంధ్ర కుటుంబం ఒకటి అద్దె కారులో బెంగళూరు చూడటానికి బయల్దేరింది. ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి వాళ్ళతో ఉంది. వాన పట్టుకుంది. కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ దగ్గర అడ్డంగా పెట్టిన బారికేడ్ వానకు పడిపోయి ఉంది. దాటిపోవచ్చని డ్రైవరు అనుకున్నాడు. మధ్యలో కారు ఆగిపోయింది. నీళ్ళు పెరిగాయి. చుట్టుపక్కల జనం చేతికందిన చీరలు విసిరి లాగబోయారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. మిగతావాళ్ళు బతికి బయటపడ్డారు. ఆ అమ్మాయి దక్కలేదు. ఇదంతా జరిగింది విధానసౌధకు కూతవేటు దూరంలో, పట్టపగలు.

ఊరు చూపిస్తానని కన్నవాళ్ళను పిలిపించుకునే పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు!

అండర్‌పాస్‌లో నీళ్ళ లోతు పై నుంచి తెలియదు. రెండు వైపులా దారి పల్లానికి దిగుతుంది కాబట్టి చివర చీలమండ లోతు కనబడినా మధ్యలో నిలువు లోతు ఉండొచ్చు. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారును తేల్చేస్తాయి. రెండడుగులైతే పెద్ద బండ్లనూ తోసుకుపోతాయి. ముందు వెళ్ళిన బస్సు దాటింది కదా అని మీరు దిగకండి, బస్సు చక్రం ఎత్తు వేరు. బారికేడ్ లేదంటే దారి తెరిచి ఉందని అర్థం చేసుకోకండి, ఆనాడూ బారికేడ్ పడిపోయే ఉంది. అద్దె కారులో ఉంటే నోరు తెరిచి చెప్పండి, "అన్నా, వద్దు, ఆపు, తిప్పి పోదాం" అని. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. డ్రైవరు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ఒకవేళ ఇరుక్కుపోతే కారులోనే కూర్చుని ఎవరికోసమో చూడొద్దు. మొట్టమొదట సీటు బెల్టు తీయండి. వెంటనే అద్దాలు దించండి. నీళ్ళు ఎక్కువైతే అద్దాలు దించే మోటారు పనిచేయకపోవచ్చు, తలుపు బయటి ఒత్తిడికి తెరుచుకోదు. అద్దం దిగకపోతే తల ఆన్చుకునే దిండును సీటు నుంచి పీకి, దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల మీద కొట్టండి. ముందు అద్దం పగలదు, దాని మీద బలం వృథా చేయకండి. పిల్లల్ని ముందు బయటికి తోసి మీరు వెళ్ళండి. కారు పైకప్పు మీద నిలబడ్డ మనిషిని కాపాడటం సులువు.

ఇక స్తంభాల సంగతి. 2022 సెప్టెంబరు మొదటి వారం ఎవరూ మరిచిపోయి ఉండరు. బెళ్ళందూరు, యమలూరు, సర్జాపూర్ రోడ్డు మునిగిపోయి, కోట్ల విలువైన విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో తరలించారు. టీవీలన్నీ అదే చూపించాయి. ఆ వారంలోనే వైట్‌ఫీల్డ్ వైపు ఒక 23 ఏళ్ళ అమ్మాయి స్కూటీ మీద ఇంటికి వెళ్తూ నీళ్ళలో పట్టు తప్పి, పడిపోకుండా పక్కనున్న కరెంటు స్తంభాన్ని పట్టుకుంది. అంతే. పడిపోతుంటే ఏదో ఒకటి పట్టుకోవడం మన చేతికి పుట్టుకతో వచ్చిన గుణం. ఈ ఊళ్ళో వాన రోజున ఆ గుణాన్ని చంపుకోవాలి. పడితే పడండి, బురదవుతుంది, మోకాలు చీరుకుంటుంది. స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ కంచెను, లైటు ఉన్న ఇనుప హోర్డింగును మాత్రం ముట్టుకోకండి.

వాన లేని రోజున కూడా ఆపద ఉంది. 2023 నవంబరు 19, తెల్లవారుజాము. ఊరి నుంచి వచ్చిన ఒక కుటుంబం హోప్ ఫాం జంక్షన్ దగ్గర ఫుట్‌పాత్ మీద నడిచి ఇంటికి వెళ్తోంది. తల్లి చేతుల్లో తొమ్మిది నెలల పాప. చీకట్లో తెగి పడి ఉన్న తీగ మీద ఆమె కాలు పడింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. కాపాడబోయిన భర్తకు కాలిన గాయాలయ్యాయి.

మా వీధి చివర ఒక స్తంభం ఉండేది. నడుము ఎత్తున ఇనుప పెట్టె, దాని తలుపుకు గొళ్ళెం లేదు. ఎవరో పాల కవరు మెలిపెట్టి ముడివేశారు. ఆ ముడి వదులై తలుపు గాలికి కొట్టుకునేది. లోపల వైరు మీది తొడుగు ఒలిచిపోయి వేలెడంత రాగి తీగ బయటికి కనబడేది. దాని కిందే పూలమ్మే ఆమె గంప పెట్టుకుని, పూల మీద నీళ్ళు చల్లుతూ కూర్చునేది. రెండేళ్ళు ఆ దారినే రోజూ నడిచాను, ఆమె దగ్గరే పూలు కొన్నాను. ఆ పెట్టె నా కంటికి ఆనలేదు. హోప్ ఫాం వార్త చదివిన సాయంత్రం మొదటిసారి దాన్ని చూశాను. ఫోన్ చేసి స్తంభం మీది నంబరు చెప్పాను, ఫోటో పంపాను. మనిషి వచ్చి తలుపు మార్చి గొళ్ళెం బిగించి పోయాడు. అరగంట పని. ఆ రెండేళ్ళలో ఏ వాన రోజున ఏం జరిగి ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీ వీధిలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. చూడండి. మూత లేని ఫ్యూజు పెట్టె. స్తంభం మొదట్లో నేలలోంచి పైకి తేలిన కేబులు. చెట్టు కొమ్మను ఒరుసుకుంటున్న తీగ. వాన పడినప్పుడల్లా మిణుకుమిణుకుమనే వీధిదీపం. బట్టలారేసే ఇనుప తీగను స్తంభానికే కట్టిన ఇల్లు. తడి గోడను తాకితే వేళ్ళు జివ్వుమనడం. ఇవేవీ చిన్న విషయాలు కావు. తీగ తెగిపడి ఉంటే కనీసం పది మీటర్ల దూరంలో ఆగండి. ఇప్పటికే దగ్గరకు వెళ్ళిపోయి ఉంటే అంగలు వేయకండి, పాదాలు రెండూ దగ్గరగా ఉంచి, పైకెత్తకుండా జరుపుకుంటూ వెనక్కి రండి. తడి నేల మీద రెండు కాళ్ళ మధ్య దూరం పెరిగితే కరెంటు ఒంట్లోంచి పోతుంది. ఎవరికైనా షాక్ కొడుతుంటే పట్టుకుని లాగకండి. కరెంటు ఆపించడమే మొదటి సాయం. 112కి ఫోన్ రెండోది.

కొండ మీది ఊరికి వరద ఎందుకొస్తోందని చాలామంది అడుగుతుంటారు. బెంగళూరు ఒక గట్టు మీద ఉంది. పడిన నీళ్ళు మూడు లోయల్లోకి దిగాలి: హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి. పాతకాలం వాళ్ళు ఈ పల్లాల పొడుగునా చెరువులు తవ్వి, ఒకటి నిండితే మత్తడి దాటి ఇంకోదాంట్లోకి పారేలా కాలువలు కలిపారు. వాటినే ఇక్కడ రాజకాలువలు అంటారు. ఇవాళ్టికీ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. కానీ ఎన్నో చోట్ల వాటి ఒడ్డు మీద, కొన్ని చోట్ల వాటి మీదనే లేఅవుట్లు లేచాయి. చెరువు పల్లంలో ఫ్లాటు కొన్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. వాన చెబుతుంది. 2022లో ఈ ఊళ్ళో 1,700 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మామూలుగా ఏడాదంతా కురిసేది వెయ్యి మిల్లీమీటర్లలోపే.

కాబట్టి కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు, పీజీలో చేరేవాళ్ళు ఒక్క ప్రశ్న అడగండి. ఇంటి యజమానిని కాదు, ఎదుటి కిరాణా కొట్టాయనను. "అయ్యా, 2022 సెప్టెంబరులో ఇక్కడ నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయి?" ఆయన చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆ చెయ్యి మీ మంచం ఎత్తును దాటితే కింది అంతస్తు గది తీసుకోకండి. బేస్‌మెంటు గది ఎంత చవకైనా సరే వద్దు. 2024 జులై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంటులోకి వాన నీళ్ళు ఒక్కసారిగా దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు మునిగిపోయారు. వాళ్ళు చదువుకుంటూ కూర్చున్న పిల్లలు. పీజీ నడిపే మన తెలుగు సోదరులకూ ఇదే నా విన్నపం. మీ దగ్గర ఉన్నది ఎవరో తల్లి మీ మీద భరోసాతో వదిలిన బిడ్డ. బేస్‌మెంటులో మంచాలు వేయకండి.

గోడల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గోడ కింద పోయేది ఎప్పుడూ పేదవాళ్ళే. 2025 మే 19నే వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీ కాంపౌండ్ గోడ కూలి హౌస్‌కీపింగ్ పనికి వచ్చిన 35 ఏళ్ళ ఆడమనిషి చనిపోయింది. ఏడాది ముందు, 2024 మే 7న, హైదరాబాద్ బాచుపల్లిలో వానకు రిటైనింగ్ గోడ కూలి కూలీల గుడిసెల్లో ఉన్న ఏడుగురు పోయారు. ఈ ఊళ్ళో కొత్త భవనాల పునాదులు తవ్వుతున్నది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళు కూడా. వాళ్ళ రేకుల షెడ్లు గోడను ఆనుకునే ఉంటాయి. గోడ పొట్ట ఉబ్బినా, ఒరిగినా, కింది నుంచి మట్టి జారినా, నీళ్ళు పోవడానికి గోడలో రంధ్రాలు లేకపోయినా ఆ రాత్రికి వాళ్ళను పక్కకు తరలించాలి. మేస్త్రీలారా, సూపర్‌వైజర్లారా, అది మీ చేతిలో పని. పై వాళ్ళు ఏమంటారో అని చూడకండి.

పిల్లలున్న ఇళ్ళకు మరీ మరీ చెబుతున్నాను. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిన పన్నెండేళ్ళ పాప తెరిచి ఉన్న నాలాలో పడిపోయింది. మరుసటి సంవత్సరం అదే నెలలో మణికొండలో నడిచి వెళ్తున్న ఒకాయన మురుగు కాలువ కోసం తవ్వి వదిలిన గుంతలో పడ్డాడు. ఇద్దరూ బతకలేదు. బెంగళూరులో 2014 అక్టోబరులో బిళేకహళ్ళి దగ్గర ఒక చిన్నపిల్ల ఇలాగే కాలువలో కొట్టుకుపోయింది. నీళ్ళు నిండిన రోడ్డు మీద కాలువ ఎక్కడ మొదలవుతుందో పెద్దవాళ్ళకే తెలియదు. వాన పడిన సాయంత్రం పిల్లల్ని సైకిలు మీద పంపకండి. పెద్దవాళ్ళు నడవక తప్పకపోతే కర్రో గొడుగో ముందు పొడుస్తూ నడవండి, రోడ్డు మధ్యకు దగ్గరగా.

చెట్లు కూడా. 2025 జూన్‌లో బనశంకరి వైపు బండి మీద వెళ్తున్న యువకుడి తల మీద కొమ్మ విరిగిపడి, కొద్ది రోజులకు ప్రాణం పోయింది. వాన వస్తే చెట్టు కింద బండి ఆపొద్దు.

ఇప్పుడు అసలు మాట. ఇవన్నీ ఎవరికి చెప్పాలి?

మనలో ఎక్కువమందికి జవాబు తెలియదు. నిష్ఠూరంగా అనడం లేదు. బుడమేరు ఎంత ఎత్తున పారుతోందో మనకు తెలుసు, హైదరాబాద్‌లో ఏ నాలా మీద కట్టడాలు కూల్చారో తెలుసు. పొద్దున లేవగానే ఆ వార్తలే చూస్తాం. పదేళ్ళుగా ఉంటున్న వీధి ఏ వార్డు కిందికి వస్తుందో చెప్పలేం. కన్నడం మాట్లాడతాం గానీ చాలామందికి చదవడం రాదు. గోడ మీద అంటించిన నోటీసు, పత్రికలో జిల్లా పేజీ మనల్ని దాటుకుపోతున్నాయి. పైగా ఈ మధ్యనే ఇక్కడి నగరపాలన మొత్తం మారిపోయింది, దాంతో పాతకాపులకు కూడా అయోమయంగానే ఉంది.

జరిగింది ఇది. పాత నగరపాలక సంస్థ బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు 2015లో అయ్యాయి. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరింది. అక్కడి నుంచి ఐదేళ్ళకు పైగా ఎన్నికైన కార్పొరేటర్ లేకుండానే ఈ మహానగరం నడిచింది. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మహదేవపుర, కె.ఆర్. పురం ఉన్నవాళ్ళది తూర్పు కార్పొరేషన్. బొమ్మనహళ్ళి, బీటీఎం, జయనగర్ వైపు దక్షిణం. హెబ్బాళ, యలహంక ఉత్తరం. మల్లేశ్వరం, రాజాజీనగర్ పడమర. శివాజీనగర్, శాంతినగర్, చిక్కపేట మధ్య కార్పొరేషన్. పాత 198 వార్డులు 369 అయ్యాయి. అంటే మీకు ఇదివరకు తెలిసిన వార్డు నంబరు కూడా ఇప్పుడు చెల్లకపోవచ్చు.

కార్పొరేటర్ ఉన్న రోజుల్లో మంచో చెడో, తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉండేది. అర్ధరాత్రి వీధిలోకి నీళ్ళొస్తే నలుగురూ వెళ్ళి ఆయన్ను లేపేవాళ్ళు. ఆ మనిషి లేని కాలంలో మనం ఫోన్ నంబర్ల మీద, కాగితం మీద, మన పట్టుదల మీద ఆధారపడాలి. పైగా వీధిలో ఉన్నవన్నీ ఒకే ఆఫీసువి కావు. కాలువ, ఫుట్‌పాత్, వీధిదీపం కార్పొరేషన్‌వి: 1533. తీగ, ట్రాన్స్‌ఫార్మర్ బెస్కాంవి: 1912. మురుగు మ్యాన్‌హోల్, తాగునీటి పైపు జలమండలివి: 1916. ప్రాణం మీదికి వస్తే 112. మూత లేని మ్యాన్‌హోల్ గురించి కార్పొరేషన్‌కు చెబితే అది మాది కాదంటారు, ఆ మాట నిజమే, అంతటితో మనం విసిగి ఊరుకుంటాం. ఊరుకోకండి. ఎవరిదో తెలుసుకుని వాళ్ళకే చెప్పండి.

చెప్పేటప్పుడు "మా ఏరియాలో కరెంటు ప్రాబ్లం" అంటే సరిపోదు. క్రాస్ నంబరు, మెయిన్ నంబరు, ఎదురుగా ఉన్న షాపు పేరు, స్తంభం మీద గానీ ట్రాన్స్‌ఫార్మర్ మీద గానీ రాసి ఉన్న నంబరు, ఒక ఫోటో. ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. రెండు రోజుల్లో ఎవరూ రాకపోతే అదే నంబరు చెప్పి మళ్ళీ చేయండి. ఒక్కరు చేసినదానికన్నా అదే వీధి నుంచి పదిమంది చేసినదానికి బలం ఎక్కువ. కన్నడం రాదని వెనకాడకండి. తప్పులతో మాట్లాడినా ఎదుటివాళ్ళకు అర్థమవుతుంది, మాట్లాడినందుకు మర్యాద కూడా ఇస్తారు.

ఈ నంబర్లు ఇప్పుడే, ఈ పేజీ చూసే రాసుకోండి. నీళ్ళొచ్చాక ఫోన్‌లో వెతుకుదాంలే అనుకోవద్దు. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. "మీ కరెంటు ఇవాళ రాత్రి కట్ చేస్తాం, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజీలు వాళ్ళవే. కంగారులో ఉన్న మనిషే వాళ్ళకు దొరికేది. అలా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి.

వాతావరణ శాఖ రంగులు కూడా ఇంట్లో అందరికీ తెలియాలి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని. నారింజ అంటే సిద్ధపడమని. ఎరుపు అంటే ఇక ఆలోచించక కదలమని. రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రం వాళ్ళ 'బెంగళూరు మేఘ సందేశ' యాప్‌లో మీ చుట్టుపక్కల వాన ఎంత పడుతోందో, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో కనబడుతుంది. క్రికెట్ స్కోరు చూసినంత సులువుగా చూడొచ్చు.

అపార్ట్‌మెంటు సంఘాల వాళ్ళకు, తెలుగు సంఘాల పెద్దలకు చేతులెత్తి అడుగుతున్నాను. ఉగాదికి, సంక్రాంతికి, కార్తీక వనభోజనాలకు మనం ఎంత బాగా కూడుతాం! ఎవరు పులిహోర, ఎవరు మైకు, ఎవరు బస్సు అన్నది వారం ముందే తేలిపోతుంది. అదే చేత్తో ఒక్క ఆదివారం ఇవ్వండి. ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంటపెట్టుకుని బేస్‌మెంటు మొత్తం తిరగండి. నేల మీద ఉన్న ప్లగ్గులను ఛాతీ ఎత్తుకు మార్పించండి. నీళ్ళు తోడే పంపు నడుస్తుందో లేదో వాన రాకముందే నడిపి చూడండి. వాచ్‌మన్‌కు ఆయన భాషలోనే చెప్పండి, నీళ్ళొస్తే దిగొద్దని, కార్లు పోయినా ఎవరూ ఏమీ అనరని. ఆ మాట మీ నోటి నుంచి ఆయన వినాలి. లేకపోతే ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయన దిగుతాడు.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు కూడా ఒక మాట. టీవీలో బెంగళూరు వాన చూసి పిల్లలకు ఫోన్ చేసినప్పుడు "జాగ్రత్త" అని పెట్టేయకండి. ఆఫీసులోనే ఆగమనండి. రాత్రి అక్కడే పడుకోవాల్సి వచ్చినా పర్వాలేదని మీరే చెప్పండి. అన్నం వండి పెట్టుకున్నాం, తొందరగా రా అన్న మాట కోసమే చాలామంది నీళ్ళలోకి బండి దించుతారు.

ఇవాళ సాయంత్రం వెలుతురు ఉండగానే చెప్పులు వేసుకుని కిందికి దిగండి. బేస్‌మెంటు చూడండి, వీధి చివరిదాకా నడవండి, స్తంభాలు చూడండి. తిరిగొచ్చి ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో 1912, 1533, 1916, 112 అని, ఏది దేనికో తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, లిఫ్టు పక్కన అంటించండి.